పసుపు సంచులు

ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచీ కృష్ణవేణికి కాలు ఒకచోట నిలవడం లేదు. చివరికి వంటల కాంట్రాక్టరు కామేశ్‌కి ఫోన్ చేసింది.

"మొన్న మా గృహప్రవేశానికి మిగిలిన అన్నాలూ, విస్తళ్లూ ఎక్కడ పారబోశావు?"

"ఎందుకు మేడమ్ బెంగ? ఊరికి దూరంగా సరుగుడు తోటలో పడీసినాం. ఎవులికీ కనబడదు."

ఇంకేముంది, ఆమె భయపడ్డంతా అయింది. ఆ తోట అటవీశాఖది. అక్కడ జనం దొంగచాటుగా పోసే చెత్తని ఇవాళ ఎత్తడానికే ఆమె వారంగా సోంపేట, కంచిలి తిరిగి వ్యాన్ నిండా మనుషుల్ని పోగేసింది. బళ్లో పాఠాలు చెప్పుకునే మనిషి ఈ పనిలోకి దిగిందే, ఆ చుట్టుపక్కల కూలి చేసుకునే బొడ్డమ్మ వల్ల. పోయిన ఏడాది ఎవరో అక్కడ పెళ్లి భోజనాలు పారబోస్తే ఆ వాసనకి ఎలుగుబంటి వచ్చింది. పక్కనే జీడిపిక్కలు ఏరుకుంటున్న బొడ్డమ్మ మీద పడి భుజం చీరేసింది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. పారబోసినవాళ్లని అప్పుడు కృష్ణవేణి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లన్నీ ఇప్పుడు తన చెవుల్లోనే మోగుతున్నాయి.

టిఫిన్ తినమని భర్త కేకేస్తున్నా వినిపించుకోకుండా స్కూటీ తీసింది. వ్యాన్ వచ్చేలోగా, తమ ఫొటోలు అచ్చేయించి పంచిన సంచులైనా తీసేస్తే చాలు. మిగతాది అందరితో కలిసి ఎత్తేస్తుందిగా, అందులో తప్పేముంది? దారి పొడుగునా ఇదే జపం.

కుప్ప దూరం నుంచే కంపు కొట్టింది. పేపరు విస్తళ్లు, నీళ్ల సీసాలు, పాచిపోయిన పులిహోర. వాటి మధ్య అతిథులకు పంచగా మిగిలిన పసుపు సంచులు. ప్రతి సంచి మీదా కొత్త ఇంటి ముందు నవ్వుతూ తనూ, భర్తా. చుట్టూ ఇసుకలో పెద్ద పెద్ద గోళ్ల గుర్తులు. ఎలుగు వచ్చి తినిపోయింది. అయినా చేతులు ఆగలేదు. ఒక్కో సంచినీ గబగబా మడిచి గోనెలో కుక్కసాగింది.

"అలాటిది నాకూ ఇచ్చినారు కదా, టీచరమ్మా."

వెనక బొడ్డమ్మ. చేతిలో అదే పసుపు సంచి, అందులో గంజి క్యారేజీ.

బొడ్డమ్మ కుప్పని చూసింది. గోళ్ల గుర్తుల్ని ఇంకాసేపు చూసింది. తర్వాత చతికిలబడి, బాగున్న చేత్తో సంచులు ఏరి గోనెలో వేయడం మొదలుపెట్టింది.

"బేగి కానీయండి, బండొచ్చేత్తాది. మిమ్మల్నెవులైనా మాటంటే నానోర్వలేను."

తిట్టినా బాగుండేది. కృష్ణవేణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఆ యేడు పారబోసినోలెవులో తెలిత్తే ఒక్క మాట అడగాలనుకున్నాను," అంది బొడ్డమ్మ తలెత్తకుండా. "పెరట్లో ఓ గొయ్యి తీసుకోలేపోనారా అని."

కొత్త ఇంటి పెరట్లో మట్టి కనబడకూడదని కృష్ణవేణి గోడ నుంచి గోడ దాకా టైల్స్ వేయించింది. వచ్చినవాళ్లందరినీ తిప్పి మరీ చూపించింది. బొడ్డమ్మకీ చూపించింది.

చెట్ల అవతల వ్యాన్ హారన్ మోగింది. కృష్ణవేణి గోనె ఎత్తి కుప్ప మీదే కుమ్మరించింది.

"ఏటి సేత్తన్నారమ్మా!" బొడ్డమ్మ కంగారుగా లేచింది.

అందరికంటే ముందు దిగిన ఫారెస్టు గార్డు ముక్కు మూసుకుని, "ఎవరిదండీ ఈ పని?" అన్నాడు.

"మాదే," అంది కృష్ణవేణి. ఆ తర్వాతి మాట మాత్రం బొడ్డమ్మ వైపు తిరిగి చెప్పింది. "మా పెరట్లో గొయ్యి తీయడానికి జానెడు మట్టి మిగల్చలేదు, బొడ్డమ్మా."