రెండు గదుల్లో ఒకే బొట్టు

నేను ఒక సూక్ష్మదర్శినిని. ఆకులనూ దోమ కాళ్లనూ చూపించే రకం కాదు, నా పని రాళ్లతో. రాతిని గాజుపలక మీద అరగదీసి, వెలుతురు దూరేంత పలచన చేసి, నా గుండ్రటి బల్ల మీద పెట్టి తిప్పాలి. అప్పుడు బూడిదరంగు రాయిలోంచి నెమలికంఠం రంగులు లేస్తాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇది తెలియకపోతే నా గోడు మీకు అర్థం కాదు.

ల్యాబు పరికరాలు తయారుచేసే అంబాలాలో పుట్టాను. గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో రైలెక్కి ఈ విశ్వవిద్యాలయానికి వచ్చాను. అప్పట్లో భూగర్భశాస్త్ర శాఖంటే మాటలు కాదు. నా దగ్గర వంతు కోసం పిల్లలు తోసుకునేవాళ్లు. ఆ తోపులాటలోనే ఒకసారి కిందపడి నా పాదం అంచు పెచ్చు ఊడింది. తర్వాత అయ్యవార్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్ల కుర్చీల్లోకి దుమ్ము వచ్చింది గాని మనుషులు రాలేదు. చివరికి హెడ్ పెంచలయ్య గారు, పరిశోధన చేసే జరీనా, నేను మిగిలాం.

జరీనాది రాళ్లవాగు అనే ఊరు. ఆ ఊరి నీళ్లలో ఫ్లోరైడు. నడివయసు రాకముందే వాళ్ల నాయనకు నడుం వంగిపోయింది. ఆ విషం ఏ లోతు రాతిలోంచి ఊరుతోందో తేలితే, ఆ పొరను తప్పించి బోరు వేయొచ్చని ఆ పిల్ల ఆశ. పాత బోరు తవ్వినప్పుడు బయటపడ్డ చిన్న ముక్క సంపాదించి, చేతివేళ్లు బొబ్బలెక్కేలా అరగదీసి ఒకే ఒక్క స్లయిడు చేసుకుంది. దాన్ని చూడగలిగేది నేనొక్కదాన్నే.

ఇంతలో కొత్త విద్యావిధానం వచ్చింది. శాఖల మధ్య గోడలుండకూడదంది. మంచి మాటే. మా పెద్దలకు మాత్రం అందులో పిల్లలు తక్కువున్న శాఖను పక్క శాఖలో కలిపేసే దారి ఒక్కటే కనిపించింది. విశ్వవిద్యాలయాలను తనిఖీ చేసి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందని తెలియగానే యూనివర్సిటీకి పెళ్లికళ వచ్చేసింది. మా ల్యాబు కొళాయిలో చుక్క నీరు లేదు గాని గేటు దగ్గర ఫౌంటెన్ లేచింది. పగుళ్ల మీద రంగు వేశారు. వీసీ గారు పెంచలయ్య గారిని పిలిచి ఒకే మాట చెప్పారట: "గ్రేడు తగ్గిందా, విలీనం మీతోనే మొదలవుతుంది."

మా ల్యాబులో ఆయుధపూజ నాడు నాకు బొట్టు పెట్టడం ఆనవాయితీ. ఆ దసరాకు జరీనా పెట్టింది. వేలు జారి కుంకుమ కిందికి సాగి, బొట్టు గుమ్మడిగింజలా అయింది. "పోన్లే, దిష్టి తగలదు" అని నవ్వింది. ఆ నవ్వు మళ్లీ నేను చూడలేదు.

పండగ వెళ్లీ వెళ్లకముందే బృందం దిగింది. ఆ ఉదయం పెంచలయ్య గారు తువ్వాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, బోటనీ వాళ్ల మైక్రోస్కోపులన్నీ బూజు పట్టి ఉండాయంట. ముందు దీన్ని అక్కడ చూపించి, వాళ్లు టీ తాగేలోపల మళ్లీ ఇక్కడికి తెచ్చేయాల. వీసీ గారి మాట."

"కదిలిస్తే రాతిలో నేను చూస్తా ఉండే చోటు పోతాది సార్. మళ్లీ మొదట్నించీ వెతకాల."

"ఈ పూటకు ఓర్చుకో. మన గదికి తాళం పడితే నువ్వు వెతికేదానికి చోటే ఉండదు."

జరీనా స్లయిడు తీసి గుండెకు ఆనించుకుంది. నన్ను మోసుకెళ్లారు. బోటనీ హెడ్ దమయంతి గారు నా కింద ఒక తులసి ఆకు ముక్క పెట్టి, "దీంట్లో ఆకు కనపడుతుందా అండీ?" అని గొణిగారు. కనపడుతుంది. ఏనుగుతో పూలు కోయించినట్టు, ఏదో కనపడుతుంది.

బృందంలో సౌదామిని గారని ఒక ప్రొఫెసర్. నెరిసిన జుట్టు, తొందరలేని చూపు. ఆకును చూశారు. నా బల్లను ఒకసారి తిప్పారు. వేలితో పెచ్చూడిన నా పాదం తడిమారు. గుమ్మడిగింజ బొట్టు వైపు కాసేపు చూసి, టీకి వెళ్లిపోయారు.

తర్వాత పరుగే పరుగు. వెనక మెట్ల మీద పెంచలయ్య గారి ఊపిరి నా గొట్టాలకు తగులుతోంది. ఆయన నన్ను బల్ల మీద పెట్టడం, బృందం గుమ్మంలోకి రావడం ఒకేసారి జరిగాయి. బొట్టు తుడిచే తీరిక ఎవరికీ దొరకలేదు.

సౌదామిని గారు నేరుగా నా దగ్గరికే వచ్చారు. "దీన్ని ఇందాక చూశాను. ఎవరిది ఇది?"

మాదేనంటే బోటనీ నాటకం బయటపడుతుంది, గ్రేడు పోతుంది. కాదంటే మా శాఖకు సొంత పరికరమే లేదని ఒప్పుకున్నట్టు. బృందం వెంట వచ్చిన వీసీ గారు అందుకున్నారు. "బోటనీ వాళ్లదే మేడం. వీళ్లు అప్పుడప్పుడు వాడుకుంటారు. అంతేగదా, పెంచలయ్యా?"

చెప్పవయ్యా, ఇన్నేళ్లు నా కళ్లతో చూసినవాడివి, నాదని ఒక్క మాట చెప్పు అని నాలో నేను అరిచాను. ఆయన నేలచూపులు చూశారు.

"అవును మేడం. వాళ్లదే."

జరీనా ముఖం తెల్లబోయింది. అయినా ముందుకొచ్చి, స్లయిడు నా బల్ల మీద బిగించింది. "ఎవరిదైనా కానీండి మేడం. ఒక్కసారి చూడండి. మా ఊరు తాగే నీళ్లు ఈ రాతిలోంచి వస్తాయి."

సౌదామిని గారు చాలాసేపు చూశారు. ఆ కన్ను చెమ్మగిల్లడం అంత దగ్గరగా చూసింది నేనే. "ఈ పని ఆపొద్దమ్మా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మంచి గ్రేడే వచ్చింది. నివేదికలో ఒక పొగడ్త కూడా ఉందని చెప్పుకున్నారు: ఇక్కడ ఒకే పరికరాన్ని రెండు శాఖలు పంచుకుంటున్నాయి, కొత్త విధానానికి ఇదే ఆదర్శం. మమ్మల్ని కాపాడాలనే ఆమె అలా రాసి ఉంటారు. ఆ వాక్యం పట్టుకునే మా శాఖను బోటనీలో కలిపేశారు. పంచుకునేవాళ్లకు వేరే గది ఎందుకన్నారు. కింది అంతస్తులో 'ఉమ్మడి పరికరాల కేంద్రం' తెరిచి, నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తీసుకెళ్లిన రోజు జరీనా నీళ్ల నమూనాల కోసం ఊరికి వెళ్లింది. స్లయిడు నా బల్ల మీదే ఉండిపోయింది.

తిరిగొచ్చినప్పటి నుంచి తాళంచెవి కోసం తిరుగుతోంది. బోటనీ వాళ్లు రిజిస్ట్రారు ఆఫీసంటారు, వాళ్లు బోటనీ అంటారు. పెంచలయ్య గారు ఆ పిల్ల ఎదురుపడితే దారి మార్చుకుంటారు. ఆమె వచ్చి అద్దానికి నుదురు ఆనించి, మూరెడు దూరంలో ఉన్న తన రాతిని చూసి వెళ్లిపోతుంది. రాళ్లవాగులో ఆ నీళ్లే తాగుతున్నారు.

మళ్లీ దసరా వచ్చింది. ఆనవాయితీ తప్పకూడదని ఆయుధపూజకు అందరూ బీరువా ముందు చేరారు. హారతిచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. ఈసారి బొట్టు గుండ్రంగా, ముచ్చటగా కుదిరింది. నాకు కాదు, అద్దానికి పెట్టారు. తాళంచెవి దొరకలేదట.