ముప్పై ఆరు కట్టల ఊపిరి

పెంటవ్వ నోటికి వాడంతా జడుస్తుంది. ఆమె చేతులకు మాత్రం బీడీల కార్ఖానా మేనేజరు కూడా దండం పెడతాడు. ముప్పై ఏళ్లుగా రోజుకు వెయ్యికి తగ్గకుండా బీడీలు చుట్టిన చేతులవి. టీవీ చూస్తున్నా, కోడలిని తిడుతున్నా, కూర్చున్న చోటే కునుకు తీస్తున్నా సరే, చాటలో ఆకు అయిపోయేదాకా ఆ వేళ్లు ఆగవు. ఆమె కట్టలో ఒక బీడీ లావు, ఒకటి సన్నం అని వేలెత్తి చూపినవాడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా పెంటవ్వ ముందు నోరు తెరవడు.

అలాంటి మనిషి ఒక ఊరకుక్కను ఒళ్లో పెట్టుకుని ట్రాలీ ఆటోలో నిజామాబాదు దాకా పోయిందంటే, రుద్రూర్ చుట్టుపక్కల ఇప్పటికీ నమ్మనివాళ్లు ఉన్నారు.

కుక్క పేరు ఎర్రోడు. రెండేళ్ల కిందట ఆమె కొడుకు భూమేష్ వెంట పడి ఇంటికొచ్చి, పొమ్మన్నా పోకుండా అరుగు కింద స్థిరపడ్డాడు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని పెంటవ్వ రోజుకు నాలుగుసార్లు తిట్టేది. తిట్టిన నాలుగుసార్లూ ఒక రొట్టె ముక్క విసిరేది. కుక్కకు ఆ తిట్లు భోజనం పిలుపులాగే వినిపించేవేమో, తోక ఊపుకుంటూ వచ్చేవాడు.

ఆ ఆదివారం భూమేష్ కౌలు పొలంలో చెరుకు కోత. కోత చివరికొచ్చేసరికి ఎలుకా పామూ అన్నీ మిగిలిన ఆ నాలుగు సాళ్లలోకే చేరతాయి. ఎలుక వాసన పట్టిన ఎర్రోడు అక్కడే తల దూర్చాడు. పడగ ఎత్తిన నాగుపామును కోత కోస్తున్న కొమురయ్య కళ్లారా చూశాడు, అరిచాడు కూడా. అప్పటికే ముందుకాలి మీద కాటు పడింది. పెంటవ్వ కూలీలకు చాయ్ తీసుకుని పొలానికొచ్చేసరికి కుక్క గట్టు మీద పడి ఉంది. నోటి వెంట చొంగ కారుతోంది. వెనక కాళ్లు లేవడం లేదు. పాము కాటుకు మనుషులకే దిక్కు లేదు, కుక్కకేం చేస్తామని కొమురయ్య పార అందుకున్నాడు, ఇక్కడే గుంత తీస్తానన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు, లోకరీతి చెప్పాడంతే. మరో రోజైతే పెంటవ్వ కూడా అదే చెప్పేది.

కానీ ఆమె కుక్క రెప్పల వైపు చూసింది. నిద్ర లేకుండానే నిద్రపోతున్నట్టు రెండు రెప్పలూ సగానికి వాలి ఉన్నాయి. ఆ వాలడం ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది.

ఇరవై రెండేళ్ల కిందట, ఇలాగే చెరుకు కోతల రోజుల్లో, ఆమె పెనిమిటి ముత్తన్నను నాగుపాము కరిచింది. ఆ పొద్దున మొగుడూ పెళ్లాలకు మాటా మాటా పెరిగింది. బీడీలకు తడిపి పెట్టిన తునికాకును నీడకు జరపమంటే అతను మరిచిపోయాడు, ఆకంతా ఎండకు పెళుసెక్కి పొడి పొడి అయింది. పెంటవ్వ నోరు ఊరుకుంటుందా? ఆకలి అంటూ నా గడప తొక్కకు అన్నది. అతను సద్ది తీసుకోకుండానే కొడవలి పట్టుకుని పోయాడు. పొద్దెక్కాక కోపం చల్లారింది. జొన్నరొట్టె చేసి, ఎల్లిపాయ కారం పెట్టి, గుడ్డలో కట్టుకుని తానే పొలానికి బయలుదేరబోతుంటే అతన్ని ఎడ్లబండిలో తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. రెప్పలు వాలి ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి సన్నగా తగులుతోంది గాని, పిలిస్తే పలకలేదు, చేయి నొక్కితే నొక్కలేదు. తెలివి పోయింది, ఇంకేమీ లేదన్నారు అందరూ. ఆమె అతని తలను ఒళ్లోకి తీసుకుని చెవిలో చాలాసేపు చెప్పింది. ఆ తరువాత ఆ సన్నటి ఊపిరీ ఆగింది. ముత్తన్న చెవిన పడిన తన ఆఖరి మాట తిట్టేనని, ఒళ్లో పెట్టుకుని చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరేనని పెంటవ్వ ఇన్నేళ్లూ నమ్మింది. ఆ సంగతి కన్నకొడుకుకు కూడా చెప్పలేదు.

“ఆటో తియ్యి,” అన్నది భూమేష్‌తో.

భూమేష్ తన ట్రాలీ ఆటోలో లోడు దించడానికి నిజామాబాదు పోయినప్పుడల్లా ఒక సందు మలుపులో బోర్డు చూసేవాడు. కుక్క బొమ్మ, పిల్లి బొమ్మ, కింద ఫోన్ నంబరు, ఆదివారమైనా అర్ధరాత్రైనా పిలవవచ్చన్న మాట. ఆదివారం గనక ఇంకెక్కడా తలుపు తెరిచి ఉండదు. తనకు తెలిసిన ఒకరికి ఫోను చేసి ఆ నంబరు కనుక్కున్నాడు. దానికి చేస్తే అవతల డాక్టరు ఆడగొంతు నాలుగే ముక్కలు చెప్పింది: కోయకండి, కట్టకండి, పసుపూ గిసుపూ పూయకండి, కదలకుండా పట్టుకుని వచ్చేయండి. అప్పటికే పసుపు చేతిలోకి తీసుకున్న పెంటవ్వ దాన్ని గట్టు మీదే దులిపేసింది.

బోధన్ రోడ్డు నిండా చెరుకు ట్రాక్టర్లు. పెంటవ్వ ఒక్కొక్క ట్రాక్టరునూ, దాన్ని తోలేవాడినీ, వాడి ఏడు తరాలనూ తిట్టుకుంటూ, ఒక వేలు మాత్రం కుక్క ముక్కు దగ్గరే పెట్టి కూర్చుంది. ఊపిరి తగులుతోంది. నిజామాబాదు ఇంకా రాకముందే దారమంత సన్నమైంది. దింపుడు కల్లం ఆశ తప్ప ఇంకేమీ మిగలలేదని ఆమెకు తెలుసు. కొడుకుకు మాత్రం చెప్పలేదు.

డాక్టరు సుమన తలకు నూనె పెట్టుకుని, ఇంటి బట్టల్లోనే వాకిట్లో నిలబడి ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఈ పిల్లేనా డాక్టరు అని పెంటవ్వ మనసులో మూతి విరిచింది. బల్ల మీద పడుకోబెట్టిన మరుక్షణం ఎర్రోడి ఛాతీ ఒకసారి లేచి, పడి, మళ్లీ లేవలేదు.

పెంటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది. భూమేష్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

సుమన ఇవేమీ చూడలేదు. కుక్క నాలుక లాగి, గొంతులోకి ఒక గొట్టం దించి, దాని చివర సొరకాయంత రబ్బరు సంచి తగిలించి నొక్కింది. ఎర్రోడి ఛాతీ లేచింది. వదిలింది, పడింది. తరువాత తన చెవుల్లోని గొట్టాలు తీసి పెంటవ్వ చెవుల్లో పెట్టి, రెండో కొసను కుక్క పక్కటెముకల మీద ఆనించింది. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు టక్ టక్ టక్ మని వినిపించింది. ప్రాణమంటే ఊపిరేనని ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అనుకుంటోంది. ఇక్కడ ఊపిరి సంచిలో ఉంది, ప్రాణం ఎర్రోడిలోనే ఉంది.

ఊపిరి పోసే మిషను తన దగ్గర లేదని, ఈ సంచే ఉందని, విరుగుడు మందు పనిచేసేదాకా ఎవరో ఒకరు దీన్ని నొక్కుతూనే ఉండాలని సుమన చెప్పింది. ఎంతసేపో తనకూ తెలియదంది. ఆదివారం గనక కాంపౌండరు లేడు, తాను సూదులు వేయాలి, సెలైన్ పెట్టాలి. భూమేష్ సంచి పట్టుకున్నాడు. గబగబా నొక్కాడు, భయపడి ఆపేశాడు, మళ్లీ గబగబా నొక్కాడు.

పెంటవ్వ మోచేత్తో కొడుకును పక్కకు నెట్టింది. ఐదంకెలు లెక్కపెట్టేంత సేపటికి ఒకసారి నొక్కాలని సుమన చెప్పింది. పెంటవ్వకు ఆ అంకెలతో పని పడలేదు. ఆకు, తంబాకు, చుట్టు, దారం. బీడీకి నాలుగు పనులు, నాలుగు ఊపిర్లు. ఆకు తీసుకునే సేపటికి ఒకటి నొక్కింది, తంబాకు పోసే సేపటికి ఇంకొకటి. ఇరవై అయిదు బీడీలకు, అంటే నూరు ఊపిర్లకు, ఒక కట్ట. సుమన గోడ గడియారం చూసింది, ఆ చేతుల వైపు చూసింది, మళ్లీ గడియారం చూసింది. ఇక వెనక్కి తిరిగి చూడకుండా తన పనిలో పడింది.

పది కట్టలైనా ఎర్రోడిలో చలనం లేదు. భూమేష్ తాను పడతానన్నాడు. పెంటవ్వ సంచి వదల్లేదు.

“జర మాట్లాడుండ్రి అవ్వా వానితోని,” అన్నది సుమన. “భయపడుతుంటడు.”

“సచ్చినట్టు పడున్నోనితోని ఏం మాట్లాడాలె బిడ్డా?”

“వాడు అన్నీ ఇంటున్నడు. నాగుపాము ఇషం కండలను పడగొడతది గని తెలివిని కాదు. రెప్ప లేవది, నాలిక కదలది. లోపట మాత్రం మెలకువనే ఉంటది.”

ఆకు, తంబాకు, చుట్టు. నాలుగో ఊపిరి పడలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి పెంటవ్వ చేయి లెక్క తప్పింది. సుమన గబుక్కున సంచి మీదికి చేయి చాపింది, అంతలోనే పెంటవ్వ నొక్కింది. డాక్టరును అడగవలసినది ఒకటి ఉంది. అడిగితే చేయి మళ్లీ లెక్క తప్పుతుంది, తప్పితే కింద ఒక ప్రాణం పోతుంది. మింగేసింది.

మాట్లాడమన్నారు గనక ఎర్రోడితో మాట్లాడింది. మొదట తిట్టింది, అలవాటు కదా. ఎలుక దొరికిందా అని అడిగింది. అరుగు కింద చోటు ఖాళీగా ఉందని, పక్కింటి నల్ల కుక్క అప్పుడే కన్నేసి ఉంటుందని చెప్పింది. ఇరవై కట్టలు దాటేసరికి తిట్లు అయిపోయాయి. పెంటవ్వ దగ్గర తిట్లు అయిపోవడం భూమేష్ చూడటం అదే మొదటిసారి. ఆ తరువాత ఇంటికి పోయాక జొన్నరొట్టె చేసి పెడతానని, కోపం లేదని, ఏ కోపమూ లేదని పదే పదే చెప్పింది. ఆమె బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. రెండు చేతులకూ పని ఉంది గనక తుడుచుకోలేదు.

ముప్పై ఒకటో కట్టలో చెవి కొస అదిరింది. ముప్పై మూడో కట్టలో ఎడమ రెప్ప వడ్లగింజంత లేచి పడింది. ముప్పై ఆరో కట్ట చుట్టడం కావస్తుండగా, ఆమె ఇంకా నొక్కకముందే, ఎర్రోడి ఛాతీ దానంతట అదే లేచింది.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఛాతీ పడింది. మళ్లీ లేచింది. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. సుమన గొట్టాన్ని మెల్లగా బయటికి తీసింది. ఎర్రోడు దగ్గి, కళ్లు తెరిచి, పెంటవ్వ మొహం చూసి, బల్ల మీద తోకను ఒక్కసారి కొట్టాడు. పెంటవ్వ సంచి కింద పెట్టింది. వేళ్లు మాత్రం ఖాళీగానే ఇంకా నాలుగైదుసార్లు మూసుకుని తెరుచుకున్నాయి.

అప్పుడు అడిగింది.

“బిడ్డా, మనుషులకు గూడ గంతేనా?”

సుమన చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగింది. పెంటవ్వ చెప్పడం మొదలుపెట్టింది. ఎడ్లబండి, వాలిన రెప్పలు, వేలికి తగిలిన ఊపిరి, చెవిలో చెప్పిన మాటలు. భూమేష్ వింటున్నాడు. అప్పుడతనికి ఎనిమిదేళ్లు, వాకిట్లో గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ బాపు చెవిలో ఏం చెప్పిందో అతనికి ఈ రోజుకూ తెలియదు.

“గప్పుడు గీ సంచి ఉండి ఉంటే,” అని మొదలుపెట్టి పెంటవ్వ ఆగిపోయింది. సుమన అబద్ధం చెప్పలేదు, బతికి ఉండేవాడేమోనని ఒప్పుకుంది. దగ్గరికొచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“మీరు చెవుల చెప్పినప్పుడు ఊపిరి ఆడుతుండెనా అవ్వా?”

“ఆడుతుండె. సన్నగ.”

“అయితే ఇన్నడు. ప్రతి మాట ఇన్నడు. జవాబు చెప్పరాలే, గంతే.”

పెంటవ్వ ఏడుస్తుందనుకున్నాడు భూమేష్. ఏడవలేదు. ఎర్రోడి పక్కటెముకల మీద అరచేయి వేసి, అది లేస్తుంటే లేస్తూ, పడుతుంటే పడుతూ ఉండటాన్ని చాలాసేపు చూసింది. గుడిలో కూడా ఆమె మొహం అంత నెమ్మదిగా ఉండగా అతను ఎన్నడూ చూడలేదు.

“రొట్టె కట్టి పెట్టిన అని చెప్పిన కొడుకా,” అన్నది. “కోపం లేదు, లేసి తిను అని చెప్పిన. మీ బాపు నా తిట్టుతోని పోలే. ఇన్నంకనే పోయిండు.”