విరగనన్న కుర్చీ

నేను ఒక దొంగ ముసలిదాన్ని. చూడ్డానికి దొరల కాలం కుర్చీని. పుట్టింది మాత్రం మొన్న, కాకినాడలో, బట్టలుతికే బండ పక్కన.

నన్ను చేసిన హైమవతి వడ్రంగి కాదు, బళ్లో లెక్కల టీచరు. ఓ పాత బంగళాలో కుర్చీని చూసి మనసుపడి, వాచ్‌మన్‌ని బతిమాలి టేపుతో కొలతలు తీసుకుంది. పడగొట్టిన ఇంటి టేకు గుమ్మం తెచ్చి, ఏడాదిపాటు ఆదివారాలన్నీ చిత్రిక పట్టింది. నాలో ఒక్క ఇనప మేకు లేదు. గాడి తొలిచి, కర్రలో కర్ర బిగించి, చెక్క మేకులు దిగేసింది. మొదటి కాలు వదులుగా వస్తే వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టేసి మళ్లీ చేసింది.

"అందులో కూర్చోవాలంటే ముందు ఇన్సూరెన్సు కట్టాలండీ," అని ఆమె భర్త చిదంబరం చుట్టాలకు చెప్పి ప్లాస్టిక్ కుర్చీ వేసేవాడు. తను మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు.

అంతలో సినిమావాళ్లు వచ్చి షూటింగుకి నన్ను అడిగారు. "జమీందారు కూర్చుంటాడంతే మేడమ్," అన్నాడు సెట్టు సామాన్లు చూసే మనిషి. జమీందారే కూర్చుంటే ఇక చిదంబరం ఏమంటాడని హైమవతి ఒప్పుకుంది. షూటింగుకి అతన్ని వెంటబెట్టుకునే వెళ్లింది.

జమీందారు కూర్చోలేదు. హీరో నన్ను తలమీదికెత్తి నేలకేసి కొట్టాడు. నేల బండ బీటలిచ్చింది. నేను ఇవ్వలేదు. రెండోసారి కొట్టాడు. అతని మణికట్టు పట్టేసింది. నా చేతి మీద చిన్న పెచ్చు లేచింది, అంతే.

"ఇదేం కుర్చీరా బాబూ," అని డైరెక్టరు విసుక్కున్నాడు. "కాళ్లు సగానికి కోసి పెట్టండి, అదే విరుగుతుంది."

"కూర్చోడానికన్నారు కదండీ," అంది హైమవతి.

"కొత్తది కొనిస్తాంలెండమ్మా. ఇదీ నకలే కదా."

రంపం వచ్చింది. దెబ్బకు ఓర్చుకోగలను గానీ రంపాన్ని నేనాపలేను. హైమవతి గబగబా వచ్చి నాలో కూర్చుంది. కుచ్చిళ్లు సర్దుకుని, నా చేతుల మీద తన చేతులు ఆనించింది.

"ఇప్పుడు కొయ్యండి."

చివరికి చిదంబరమే రంపం పట్టుకున్న మనిషి దగ్గరికొచ్చాడు.

"ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను, ఆవిడ లేవదండీ. మీరే ఇంకో కుర్చీ చూసుకోండి."

ఇంటికొచ్చాక అతను మొదటిసారి నాలో కూర్చున్నాడు.

"ఇన్సూరెన్సు కట్టారా?" అంది హైమవతి. అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పెచ్చు లేచిన చోటు పూడ్చాలని ఆమె లక్క డబ్బా తీసింది. ఏమనుకుందో, మళ్లీ మూసేసింది. మంచిదైంది. నా వంపులూ కాళ్లూ ఇంకో కుర్చీవి. నకలని ఎవరైనా అంటే కాదనను. ఈ దెబ్బ మాత్రం దేన్నీ చూసి దించింది కాదు. నేను సంపాదించుకున్నది.