సోడా బకెట్

అక్కకి కుడి మణికట్టు బెణికింది. అందుకే ఆ పొద్దున పరదా మీద ఆకులు పేర్చే పని చెల్లికి వచ్చింది. వాళ్లది సైనోటైప్ పని: మందు పూసిన గుడ్డకి ఎండ తగిలినచోట నీలం, ఆకు కప్పినచోట తెలుపు. ఇన్నేళ్లూ చెల్లి చేసింది ఉతకడమే. పేరుస్తానంటే అక్కది ఒకటే మాట: "నువ్వు పేరిస్తే మేక మేసి వదిలేసినట్టుంటుందే."

మధ్యాహ్నం హోటలావిడ వస్తుంది. ఈ పరదా నచ్చితే గదులన్నిటికీ చేయించుకుంటుంది.

"నచ్చితే ఇకనుంచి ఆకులు నేనే పేరుస్తా," అంది చెల్లి.

"నచ్చనీ, చూద్దాం."

చెల్లి ఫెర్న్ ఆకుల్ని ఒకదాని కొన ఇంకోదానికి తగలకుండా పేర్చింది. పైన అద్దం బిగించి ఎండలో పెట్టింది. గుడ్డ బూడిదరంగుకి తిరిగాక లోపలికి తెచ్చి జాడించింది. మందు దిగిపోయి, నీలంలో ఆకులు తేలాయి. ఈనెలతో సహా.

అక్క చాలాసేపు చూసింది. "ఇంకోసారి జాడించాలి. ఇటివ్వు."

గోడవార రెండు బకెట్లు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో బట్టల సోడా కలిపిన నీళ్లు. గోధుమరంగు అడిగినవాళ్ల గుడ్డల్ని ముందు సోడాలో వేసి నీలం పోగొడతారు, తర్వాత టీ డికాక్షన్‌లో ముంచుతారు. చూపుకి రెండూ నీళ్లే. వేళ్లకి మాత్రం సోడా జారుతుంది. అక్క మంచినీళ్లలో ఎడమచెయ్యి పెట్టి వేళ్లు రుద్దింది. సోడాలోనూ పెట్టి రుద్దింది. గుడ్డని సోడాలో వేసింది.

"అక్కా!"

చెల్లి చేతిలోని అద్దం కింద పెట్టి వచ్చేసరికి నీలం లేతపసుపైంది. ఆకులు కలిసిపోయాయి.

"అయ్యో, బకెట్ మారిపోయిందే."

"వేళ్లు రుద్ది చూశావుగా!"

"నీకన్నీ అనుమానాలే."

హోటలావిడ వచ్చి గుడ్డ పట్టుకు చూసింది. "ఇదేంటండీ, మరకలా ఉంది?"

"మా చెల్లి పేర్చింది. ఇంకా నేర్చుకుంటోందండీ."

"బానే వచ్చిందండీ. అక్కే సోడాలో వేసింది," అంది చెల్లి.

అక్క నవ్వింది. "విన్నారా? చిన్నప్పట్నుంచీ ఇంతే. గ్లాసు తను పగలగొట్టి నా పేరు చెప్పేది."

హోటలావిడకీ నవ్వొచ్చింది. గోడకి వేలాడుతున్న, అక్క ఆకులు పేర్చి చేసిన గుడ్డలు చూసింది. "చెయ్యి నయమయ్యాకే మొదలుపెట్టండి. కానీ పేర్చేది మీరే."

"నేనేనండీ. ఇంకెవరు?"

ఆవిడ వెళ్లాక చెల్లి అడిగింది. "నిజం చెప్పక్కా. అంత బాగా వచ్చిందా?"

అక్క మణికట్టుకున్న కట్టు సరిచేసుకుంది. "రేపటికి కొత్త గుడ్డలు ఉతికి ఉంచు," అంది.