మధ్యాహ్నపు జీతం

ఆరిన బట్టల కుప్పలోంచి భర్త మేజోళ్ళకు జతలు వెతుకుతూ ఆమె ఆ సంగతి మొదటిసారి పైకి అనేసింది.

"మా ల్యాబ్‌ వాళ్ళిస్తానన్న పెద్ద పోస్టు వద్దని చెప్పేద్దామనుకుంటున్నానండీ."

భర్త టీవీ కట్టేశాడు. మ్యాచ్ మధ్యలో ఆయన టీవీ కట్టేయడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి. మొదటిసారి కూతురు పుట్టిందని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు.

"రెట్టింపు జీతం ఇంటికి నడిచొస్తే కాలదన్నుకుంటానంటావా?"

"దాంతో రెట్టింపు పని కూడా నడిచొస్తోంది కదండీ."

ఆమె కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. చాలా ఏళ్ళుగా ఒకే ల్యాబ్‌లో, భవనం అడుగున, పగలూ ట్యూబులైట్లు వెలిగే గదిలో పని. నోటి అచ్చులు ట్రేలలో వస్తాయి. ట్రే మీద నంబరు తప్ప, ఆ నోరు ఎవరిదో, ఆ పన్ను ఎవరు నవ్వితే కనిపిస్తుందో తెలియదు. మైనంతో మలిచి, పింగాణీ పోసి, అరగదీసి ఇంటికొచ్చేసరికి తలలో తెల్లటి పొడి. "ఈ వయసుకే ముసలిదానివైపోయావే" అని భర్త హాస్యం. ఆమె పని నేర్పిన కుర్రాళ్ళే ఇద్దరు ఆమెకు పైవాళ్ళయ్యారు. "మీకు ఇల్లూ పిల్లా ఉంటాయి కదా మేడమ్, మీకెందుకీ తలనొప్పి" అనేవాడు మేనేజరు, ఏదో మేలు చేస్తున్నట్టు. ఇప్పుడు ఆ ఇద్దరూ వెళ్ళిపోయాక ఆయనకు ఆమె గుర్తొచ్చింది. సెక్షన్ మొత్తం ఆమెదే, జీతం రెట్టింపు, ఊరి ఆ చివర కొత్త భవనం, ఇంటికొచ్చాక కూడా మోగే ఫోను. సంతోషించలేదంటే అబద్ధం. ఆ కుర్చీ తనదని ఎప్పుడో తెలిసినదానికి అది ఆలస్యంగానైనా దక్కితే తీపిగానే ఉంటుంది. కానీ ఆ తీపి నాలుక మీద ఉండగానే పక్కవీధి డాక్టరమ్మ కబురుపెట్టింది. తన క్లినిక్‌లోనే పళ్ళు చేసే మనిషి కావాలట. ఒంటిపూట పని. జీతం ఇప్పుడొచ్చేదానికన్నా కాస్త తక్కువే.

చూసొద్దామని సెలవురోజు వెళ్ళింది. బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దాయన ఒకాయన ముందుపన్ను విరగ్గొట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని ఆమెకు అప్పగించింది. ఆమె ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండ వెలుగులో రంగు పోల్చబోతూ, "కొంచెం నవ్వండి బాబాయిగారూ" అంది.

"నవ్వొచ్చే సంగతి ఏదన్నా చెప్పమ్మా, ఊరికే ఎలా నవ్వను?"

"టికెట్ లేకుండా ఎవరైనా దొరికినప్పుడు ఎలా నవ్వేవారో అలా."

ఆయన చెయ్యి తీసేసి ఫక్కున నవ్వాడు. ఇన్నేళ్ళలో లెక్కలేనన్ని పళ్ళు చేసింది గానీ, నవ్వును ఇంత దగ్గరగా చూడటం ఆమెకు అదే మొదలు. మధ్యాహ్నానికే పనైపోయి ఇంటికి నడుస్తుంటే, తమ వీధిలో ఆ వేళప్పుడు అంత వెలుగుంటుందని కూడా అప్పుడే తెలిసింది.

ఇదంతా విన్నాక భర్త రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు పొద్దున్నే, "ఆలోచిస్తే నువ్వన్నదే నిజం. డబ్బుదేముంది, జీవితం ముఖ్యం" అన్నాడు. ఆమె పొంగిపోయి, అడక్కుండానే రెండో కాఫీ కలిపిచ్చింది. ఆ కాఫీ తాగుతూనే ఆయన ఆ జీవితాన్ని వాటాలు వేశాడు. పనిమనిషిని మాన్పించేయొచ్చు. పిల్ల ట్యూషనూ అక్కర్లేదు, తనే చూసుకుంటుంది. అమ్మకు మోకాలి ఆపరేషన్ తర్వాత రోజూ నడక కావాలి, తనే తిప్పుతుంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి వేడివేడిగా ఏదో ఒకటి. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా." ఆయన దురుద్దేశంతో అనలేదు, అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. సంతోషంగా పంచిపెడుతున్న మనిషితో ఏమని పోట్లాడటం? జీవితం ముఖ్యమన్నాడు సరే, ఎవరి జీవితం? తను జీతం తగ్గించుకుంటే ఇంట్లో అందరికీ తలా కొంత మధ్యాహ్నం దొరికింది, తనకు తప్ప. ఇంతకన్నా ఆ ల్యాబే నయం, అక్కడ అలసటకైనా జీతమిస్తారు. ఆయన ఆఫీసుకు వెళ్ళగానే ఆమె విసురుగా ఫోను తీసింది.

"ఎవరికమ్మాయ్?" గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది అత్తగారు.

"ల్యాబ్‌కి. ఆ పోస్టుకి ఒప్పుకుంటానని చెప్పేస్తానత్తయ్యా."

"ఇష్టంతోనా, కోపంతోనా?"

ఆమె ఫోను పక్కన పెట్టింది. "కోపంతోనే."

అత్తగారు కుర్చీలో మెల్లగా కూలబడింది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషి, ఎవరి మాటైనా పూర్తిగా విన్నాకే నోరు విప్పుతుంది. "నేను రిటైరైన రోజు ఆఫీసులో కేకు కోయించారు. మర్నాడు మీ మావగారు, ఇక నీకన్నీ సెలవులేగా అని మూడు పూటలా వేడిగా వండమన్నారు. ఆఫీసైతే వదిలింది గానీ, వంటింట్లో నన్నెవరూ రిటైర్ చెయ్యలేదే తల్లీ. పళ్ళున్నప్పుడు శనగలుండవు, శనగలొచ్చేసరికి పళ్ళుండవు. నీకిప్పుడు రెండూ ఉన్నాయి." తర్వాత గొంతు తగ్గించి, "సాయంత్రం దాకా డ్యూటీ అని చెప్పెయ్యి వాడికి. నేను నోరు మెదపను" అంది.

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఉపాయం బాగానే ఉంది. కానీ తన మధ్యాహ్నాన్ని తనే దొంగిలించి, ఏ పార్కులోనో దాక్కుని కూర్చోవడం ఏమిటి? ఆమె ఫోను తీసి డాక్టరమ్మకు చేసింది. ఒకటో తారీకు నుంచి వస్తానంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. "పనిమనిషి ఉంటుంది. ట్యూషన్ ఉంటుంది. అత్తయ్యను సాయంత్రం మీరు నడిపించండి. మీతో తీరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళైందో ఆవిడకి."

"మరి నువ్వు? మధ్యాహ్నమంతా ఏం చేస్తావ్?"

"ఇంకా అనుకోలేదండీ."

"ఏమీ చెయ్యకుండా కూర్చోడానికా తక్కువ జీతానికి ఒప్పుకున్నావు?"

"అవునండీ. నాకు రావలసిన జీతం వదులుకుని మధ్యాహ్నాలు కొనుక్కున్నాను. అవి నావే."

ఆయన ఏదో అనబోయాడు. "ఒరేయ్, చల్లారిపోతోంది, తిను" అంది అత్తగారు. కూతురు కంచంలోకి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంది. ఆయన కొన్నాళ్ళు మొహం ముడుచుకునే తిరిగాడు. అలా ముడుచుకునే ఒక సాయంత్రం తల్లిని నడకకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఎవరో పాత పక్కింటాయన సంగతి చెప్పుకుని నవ్వుతున్నారు. నడకకని బయల్దేరి దారిలో పావువంతు కూడా నడవలేదట, పార్కు బల్ల మీదే కూర్చున్నారట.

కొత్త ఉద్యోగంలో మొదటి వారం. ఆమె కిటికీ కింద చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, జుట్టు విప్పుకుని, కాళ్ళు గోడకానించి ఉండగా ఫోను మోగింది.

"ఇంటికొచ్చేశావా?" భర్త.

"వచ్చేశానండీ."

"అయితే ఖాళీయేగా. ఫ్యాను బాగుచేసే అతన్ని ఇప్పుడే పంపనా? కాస్త దగ్గరుండి చేయించు."

ఆమె గోడ మీద తన పాదాలను చూసుకుంది. ఎండ మడమల దాకా వచ్చింది.

"ఇంట్లో ఉన్నాను గానీ, ఖాళీగా లేనండీ" అంది.