నాలుగు వేళ్ల ముక్క

కొయ్యాల్సివస్తే కిందివైపే కొయ్యాలి, పైన ఆయన అరచెయ్యి రాసి రాసి నున్నబడిన చోటు ఉంది, దాని జోలికి రానివ్వను, అనుకుంటుండగానే కూతురు రంపం బల్ల మీది పొట్టు తుడిచి, ఇలా ఇవ్వమ్మా, క్షణంలో పని, అని ఆయన చేతికర్రను లాక్కుంది, నాకది పొడుగు, దాంతో నడిస్తే కుడి భుజం చెవి దాకా లేస్తుంది, నిన్న మెట్టు మీద తూలాను, అప్పట్నుంచీ సణుగుతూనే ఉంది, నువ్వు మంచాన పడితే నాన్న కర్ర వచ్చి నీకు చేస్తుందా అని, నిజమే, కొయ్యకపోతే నేను పడతాను, కోస్తే అది ఆయన కర్ర కాకుండా పోతుంది, ఈలోగా దానిది రంపం మీట మీద ఒక చెయ్యి, కర్ర మీద ఒక చెయ్యి, ఆగవే, గుండ్రని కర్రను వట్టి చేత్తో పెడతావా, పలకైతే బల్లకు అంటుకుని పడుంటుంది, గుండ్రనిది పళ్లు తగలగానే గిర్రున తిరిగి చేతిని కూడా లాక్కుపోతుంది, మీ నాన్న బొటనవేలి గోరు అలాగే పోయింది, నేను తువ్వాలు చుడుతూ ఏడుస్తుంటే ఆయన నవ్వారు, తప్పు నాదేలే, గుండ్రనిదానికి ఒడి కావాలి, పసిబిడ్డకు మల్లే, అన్నారు, ఆ సాయంత్రమే ఒంటిచేత్తో ఒక చెక్క దిమ్మెలో రెండువైపులా ఏటవాలుగా గాడి తీశారు, అందులో పడుకోబెడితే ఎంత గుండ్రని కర్రయినా దొర్లదు, దాన్ని ఒడి అనే పిలిచేవారు, ఏమేవ్, మన ఒడి ఎక్కడ, అని కేకేస్తే పనివాళ్లు నావైపు చూసి నవ్వేవారు, నేను సిగ్గుతో చచ్చేదాన్ని, కూతురు మూతి ముడుచుకునే అటక మీంచి తెచ్చింది, నాన్నకంటే నువ్వే పెద్ద మేస్త్రీవి, అంది, అవునే, ముప్పై ఏళ్లు ఈ బల్ల దగ్గర నిలబడ్డదాన్ని, గాడిలో పెట్టి బిగించు, పొడుగువైపే పట్టు, తెగిపడే ముక్కను తాకకు, రంపానికి ఎదురుగా ఉండకు, పక్కకి రా.

రంపం మొదలైంది, ఎన్నాళ్లైందో ఈ మోత విని, ఈ మోతలోనే ఆయన వంగి చెవి నా నోటి దగ్గర పెట్టేవారు, ఏంటే, టీ చల్లారిపోతోందనా, అని, నేను చెప్పేది రోజూ అదే, ఇంటికొచ్చినా అలాగే వంగేవారు, పాపం రంపం చెవులు తినేసిందనుకుని నేను గట్టిగా అరిచేదాన్ని, అంత చెవిటాయన పక్కగదిలో ఈ పిల్ల నన్ను వెక్కిరిస్తూ గొణిగితే పకపకా నవ్వేవారెలా, టక్కున ముక్క తెగింది, కూతురు మీట కట్టేసి, పళ్లు పూర్తిగా ఆగాక తీసి నా అరచేతిలో పెట్టింది, సరిగ్గా నాలుగు వేళ్లు, కర్ర నేలకానించి నిలబడ్డాను, భుజం దిగింది, నా చెయ్యి ఆయన చెయ్యి ఉండే చోటే పడింది, చెవుడూ లేదు ఏమీ లేదు ఆయనకు, దగ్గరికి రావడానికే వంగేవారు, ఇప్పుడు కర్ర కూడా నాలుగు వేళ్లు వంగింది, అంతే.