అచ్చులోని వదిన

ఆడపడుచు ప్రపంచమంతా తిరుగుతుంది. ఇంటికొచ్చిన ప్రపంచాన్ని వదిన ఉతుకుతుంది. ఆ ఇంట్లో పని పంపకం మొదటినుంచీ అంతే. ఎడారికి వెళ్ళొస్తే ప్యాంటు జేబుల్లోంచి దోసెడు ఇసుక రాలి, వాషింగ్ మెషిన్ కొన్నాళ్ళు పళ్ళు నూరుతూ తిరిగేది. మంచుకొండలకు వెళ్ళొస్తే ఉన్ని మేజోళ్ళు బాల్కనీ తీగ మీద ఎంతకీ ఆరి చచ్చేవి కావు. అడవికి వెళ్ళొస్తే చొక్కా మడతలోంచి పేరు తెలియని పురుగొకటి, పాస్‌పోర్టు లేకుండానే, దర్జాగా దిగేది.

ఆడపడుచుకు వదిన పెట్టిన పేరు బొంగరం. ఒకచోట కాలు నిలవదు. యాత్రలు రాయడమే ఉద్యోగం. మొదట్లో పత్రికలో ఓ మూల చిన్న ముక్క వేసేవారు. తర్వాత అర పేజీ, ఆపైన పేజీ, దాని నెత్తిన ఫొటో. ఆ ఫొటో పెరిగినకొద్దీ వదినకు కడుపులో ఏదో పెరుగుతూ వచ్చింది. దాన్ని అజీర్తి అని సరిపెట్టుకుందిగానీ, అజీర్తి సరిగ్గా ఆదివారం పేపరొచ్చిన పూటే ఎందుకొస్తుందో ఆవిడకూ తెలుసు.

కాలేజీలో వ్యాసరచన బహుమతి వరసగా వదినదే. పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి బొంగరం రెండు జడల బడిపిల్ల. "వదినా, వ్యాసం ఎలా మొదలెట్టాలి?" అని వంటింటి గుమ్మంలో నిలబడి నసిగేది. చెప్పింది ఎవరు? వదినే. ఇప్పుడు అదే పిల్ల పడవెక్కి, ఒంటెనెక్కి, పేరుకెక్కింది. వ్యాసం మొదలెట్టడం నేర్పినావిడ స్టూలెక్కి ఫ్యాను తుడుస్తోంది.

అందుకని ఒక శపథం పట్టింది. బొంగరం రాసినవి చదవదు. మొదటిది చదివిన రోజున పట్టిన తలనొప్పి చాలు. ఆదివారం పొద్దున భర్త పేపరు వెనక కుర్చీలో కిసుక్కున నవ్వుతాడు. నవ్వి, పేపరు అంచు మీంచి వదిన వైపు చూస్తాడు. చెల్లెలి ఘనత చూసి మురిసిపోవడమే కాక, పైగా తనకు చూపించి మురవడం! ఆ పూట ఆయన కాఫీలో చక్కెర కాస్త తగ్గేది.

అదీ చాలనట్టు ఫోన్లు. ఏ దేశంలో ఉన్నా, ఏ వింత చూసినా, బొంగరం వీడియో కాల్ చేసేది. వదిన సరిగ్గా గిన్నెలు తోముతున్నప్పుడే.

"వదినా, ఇటు చూడు! ఎంత పెద్ద జలపాతమో! ఏమంటావ్?"

"ఏమంటాను? ఎవరో కుళాయి కట్టేయకుండా ఊరెళ్ళారంటాను."

"అబ్బ! ఇంకా?"

"ఇంకేముంది, ఇక్కడ నా కుళాయిలో నీళ్ళు రావట్లేదు. ఫోను పెట్టు."

పనిగట్టుకుని ఊరించడానికే చేస్తుందని వదిన గట్టి నమ్మకం. పుండు మీద కారం చల్లడానికి అంతర్జాతీయ కాల్ కావాలా?

ఇలా ఉండగా బొంగరానికి ఆ ఏటి ఉత్తమ యాత్రారచన అవార్డు వచ్చింది. తీరా సభరోజున మంచు కమ్మి ఏదో దూరపు విమానాశ్రయంలో చిక్కుకుపోయింది.

"వదినా, నా తరఫున నువ్వెళ్ళి తీసుకోవా?"

"మోసుకురావడానికి కూలీ కావలసొచ్చిందా? మీ అన్నయ్యని పంపు."

"అన్నయ్య కాదు, నువ్వే వెళ్ళాలి. మా పత్రిక సంపాదకురాలు కూడా నిన్నే అడిగింది."

నన్నెందుకు అడుగుతుంది, అనుకుంటూనే వదిన ఇస్త్రీ చీర కట్టింది. వెళ్ళకపోతే కుళ్ళుకుందంటారు. వెళ్తే కుళ్ళుకోవాలి. రెండోదే నయం, ఎవరికీ కనబడదు.

హాలు నిండా జనం. మొదటి వరసలో భర్త పక్కన ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. వేదిక మీద పత్రిక సంపాదకురాలు మైకు సర్దుకుని, "రచయిత్రి రాలేకపోయారు. కానీ మీరు నిరాశపడక్కర్లేదు. వదినగారు వచ్చారు!" అంది.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎవరో పెద్దావిడ వచ్చి ఉంటుందని వదిన కూడా లేచి, వెనక్కి తిరిగి చూసింది. వెనకవాళ్ళంతా తననే చూస్తున్నారు.

"నిన్నే," అన్నాడు భర్త.

కాళ్ళు ఎలా తీసుకెళ్ళాయో, వేదిక మీద ఉంది. సంపాదకురాలు పేపరు కత్తిరింపులు చదవడం మొదలెట్టింది. బొంగరం ఎడారి గురించి పేజీన్నర వర్ణించి, చివర రాసిందట: 'మా వదినకు ఫోన్లో చూపించాను. ఊడ్చేవాళ్ళు లేకపోబట్టేగా దానికంత పేరొచ్చింది, అంది.' హాలు గొల్లుమంది. మంచుకొండ గురించి: 'ఫ్రిజ్‌ని నెల రోజులు పట్టించుకోకపోతే మా ఇంట్లోనూ వస్తుంది, అంది మా వదిన.' పాత కోట శిథిలాల గురించి: 'అంటే ఇల్లు సర్దకుండా వదిలేస్తే, ఎప్పటికైనా టిక్కెట్టు పెట్టి చూపించొచ్చన్నమాట, అంది మా వదిన.'

జనం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. వదిన నవ్వలేదు. ఇన్నేళ్ళూ తను గిన్నెల మీద పారబోసిన మాటలన్నీ ఇక్కడికొచ్చి పేరు సంపాదించుకున్నాయి! సొమ్మొకరిది, సోకొకరిది. ఆ మంట ఇంకా రాజుకుంటుండగానే సంపాదకురాలు గొంతు తగ్గించి, "పాఠకులు గోడలకు అంటించుకున్న మాట ఇది," అంటూ చివరిది చదివింది: 'ప్రయాణమంటే ఇంటిని దూరంనుంచి ప్రేమించడమే, అంది మా వదిన.'

అన్నిటికంటే పెద్ద చప్పట్లు దానికే. ముందువరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది.

వదినకు ఒళ్ళు మండింది. తను ఆ మాట అనలేదు. చచ్చినా అనదు. ఇంటిని దగ్గర్నుంచి చూసేవాళ్ళెవరూ అనరు. అయితే అన్నదెవరు? అచ్చులో ఉన్న ఆ ఇంకో వదిన. చేతికి సబ్బునురుగు అంటకుండా, నడుంనొప్పి లేకుండా, ఊరందరి మెప్పూ కొట్టేస్తున్న మహాతల్లి. ఇన్నేళ్ళూ బొంగరం మీద పడ్డ అసూయంతా ఒక్కసారిగా మలుపు తిరిగి ఆ కాగితపు వదిన మీద పడింది.

జ్ఞాపికతోపాటు మైకు కూడా చేతికిచ్చారు.

"ఆ ఆఖరిది నాది కాదండీ," అంది వదిన. "మిగతావన్నీ నావే."

అంతే చెప్పి, జ్ఞాపిక చంకన పెట్టుకుని దిగింది. ఈసారి మోగిన చప్పట్ల ముందు ఇందాక గోడకంటించుకునే మాటకొచ్చినవి దిగదుడుపు. దిగే మెట్ల దగ్గర సంపాదకురాలు చెయ్యి పట్టుకుని, "మీరే ఎందుకు రాయకూడదు?" అంది. వదిన మొహమాటపడలేదు. "ఏ పేజీ ఇస్తారు?" అంది.

దారిలో భర్తను నిలదీసింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పాలనిపించలేదా?"

"నీకు తెలుసనుకున్నానే! నవ్వినప్పుడల్లా నీ వైపే చూశానుగా."

లోకంలో భర్తలందరూ ఈ ఒక్క వాక్యం మీదే బతికేస్తున్నారు, అనుకుంది వదిన. ఇది మాత్రం పైకి అనలేదు. మాటలు ఇకనుంచి దాచుకోవాలి.

మూడో రోజు పొద్దున ఫోను మోగింది. బొంగరం ఏదో ద్వీపంలో ఉంది.

"వదినా! సభలో అదరగొట్టావట! ఇటు చూడు, నా వెనక అగ్నిపర్వతం. పొగ కక్కుతోంది. ఏమంటావ్?"

వదిన నాలుక చివరికి ఒక మాట వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళలో అంత మంచిది రాలేదు. దాన్ని మెల్లగా మింగేసింది.

"ఏమీ అనను."

"అదేంటి?"

"తోచింది. నా దగ్గరే ఉంచుకుంటాను. వచ్చే ఆదివారంనుంచి నేనే రాస్తున్నా, నా పేరుతోనే."

 గాలి హోరులోంచి బొంగరం చాలా మామూలుగా అడిగినట్టు అడిగింది. "మంచిదేగా. ఏ పేజీలో?"

"నీ పేజీకి ముందుది."

"ముందా?"

ఆ ఒక్క మాటలోని సాగదీత వదినకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ తన గొంతులోనే కాపురమున్న కుళ్ళు ఇల్లు మారింది. ఎంత హాయిగా ఉందో!

"ఏమే, ఆ పొగ కొండదేనా, నీదా?"

"వదినా!" అంటూ ఫోను కట్టయింది.

వదిన కాగితం, కలం తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. మింగిన మాటను కాగితం మీద పెట్టింది. బాగానే ఉంది. కానీ దాని ముందు అగ్నిపర్వతం ఉండాలి. కొండ లేకుండా మాటొక్కటే తోకలా ఊగుతోంది. ఇన్నేళ్ళూ ఆ పిల్ల చేసిన పని అదన్నమాట: కొండల్ని మోసుకురావడం. ఈ ఆలోచన వదినకు ఏమాత్రం నచ్చలేదు. ఇంకాసేపు కూర్చుని, తనే ఫోను చేసింది.

"బొంగరం, ఆ పొగ ఏ రంగులో ఉందే? వాసనేమైనా వస్తోందా?"

"చెప్పను," అంది బొంగరం. "కావాలంటే వచ్చి చూసుకో."

ఈసారి కూడా ఫోను కట్ చేసింది బొంగరమే.

వదిన కాసేపు కలం కొరికింది. భర్త ఎదురుగా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏమండీ, ఆ ద్వీపానికి ఎలా వెళ్తారు?"

ఆయన పేపరు దించాడు. "ఎవరు?"

"రచయిత్రులు," అంది వదిన.